మా దగ్గర బాగానే కనిపిస్తోంది

ఒక వెబ్ పేజీ అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా కనిపించాలని పట్టుబట్టేవాళ్లు లోకం బాగు కోరేవాళ్లు కానే కారు!

ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా రోడ్డులో, మోటార్ వైండింగ్ షాపు పైన రెండో అంతస్తులో ‘విశ్వరూప్ వెబ్ సొల్యూషన్స్’ అనే బోర్డు మీరు చూసే ఉంటారు. చూడలేదంటే నా తప్పు కాదు. కింది షాపు దుర్గేష్ దానికి అడ్డంగా కాలిపోయిన టేబుల్ ఫ్యాన్లు వేలాడదీస్తాడు. ఆ కంపెనీకి ప్రొప్రైటర్ని, మేనేజర్ని, ఫోనెత్తే మనిషిని కూడా నేనే. పేరు ఉమామహేశ్వర్. ఈ విషయంలో నాకున్న అనుభవం ఉప్పల్ నుంచి తార్నాక దాకా ఇంకెవరికీ లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

తెలియనివారి కోసం ఒక్క ముక్క. ఇంటర్నెట్‌లో పేజీలు తెరిచి చూపించే ప్రోగ్రామును బ్రౌజర్ అంటారు. నీలం రంగు ‘ఇ’ బొమ్మ నొక్కితే వచ్చేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. దాని ఆరో వెర్షన్ పుట్టి తొమ్మిదేళ్లయింది, అయినా మన నెట్ సెంటర్లలో ఇప్పటికీ దానిదే రాజ్యం. భూగోళాన్ని చుట్టుకున్న నక్క బొమ్మ నొక్కితే వచ్చేది ఫైర్‌ఫాక్స్. ఇంకా రెండు మూడు రకాలున్నాయి. మేం రాసే పేజీ ఒక్కటే. దాన్ని ఒక్కో బ్రౌజర్ తనకు తోచినట్టు చూపిస్తుంది. ఒకదాంట్లో పక్కపక్కన ఉన్న పెట్టెలు ఇంకోదాంట్లో ఒకదాని కింద ఒకటి పడిపోతాయి. జనం దీన్ని తలనొప్పి అంటారు. నేను వరం అంటాను.

ఎలాగంటారా? మీ గల్లీ టైలర్‌నే తీసుకోండి. నడుం దగ్గర రెండు వేళ్లు వదులు పెట్టవయ్యా అంటే నాలుగు వేళ్లు పెడతాడు. ఆరో ఎక్స్‌ప్లోరర్ కూడా అలాంటిదే. పక్కకి జరిపిన బొమ్మకి పది చుక్కల ఖాళీ వదలమంటే ఇరవై వదులుతుంది. టైలర్‌ని మార్చామా? మార్చలేదు. రెండు వేళ్లు కావాలంటే ఒకటే అని చెప్పడం నేర్చుకున్నాం. దీన్ని చాకచక్యం అంటారు. బ్రౌజర్లన్నీ మన మాట వినడం మొదలుపెడితే రేపటి తరానికి ఈ చాకచక్యం ఎవరు నేర్పుతారు?

భాష సంగతి చూడండి. చంటిపిల్లల ముందు ఐస్‌క్రీం మాట ఎత్తకుండా భార్యాభర్తలు సైగలతో మాట్లాడుకుంటారు కదా. మేం కూడా అంతే. ఒక లైను ముందు నక్షత్రం గుర్తు పెడితే పాత ఎక్స్‌ప్లోరర్ మాత్రమే దాన్ని చదువుతుంది. నక్క అది తన సంగతి కాదన్నట్టు దాటిపోతుంది. ఒకే పేజీలో ఇద్దరికి రెండు కబుర్లు చెప్పి, ఒకరి మాట ఇంకొకరికి తెలియకుండా నెగ్గుకు రావడం ఉమ్మడి కుటుంబాలు పోయాక మా వృత్తిలోనే మిగిలింది.

ఇక ఉపాధి. పేజీ కట్టడానికి మాకు ఒక వారం పడుతుంది. అది పాత ఎక్స్‌ప్లోరర్‌లో కూలిపోతే లేపి నిలబెట్టడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలే మా అన్నం! అన్ని బ్రౌజర్లూ ఒకేలా చూపిస్తే నాలాంటివాళ్లం రోడ్డున పడతాం. ఉప్పల్ చౌరస్తాలో ఇప్పటికే ఖాళీ లేదు, ఇంక మేమెక్కడ పడాలి?

కుటుంబశాంతి కూడా ఉంది. హబ్సిగూడలో చీరల షాపు దంపతులకు సైటు చేశాం. మెనూ ఎడమ పక్కన ఉండాలని ఆయన, పైన ఉండాలని ఆవిడ. ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. ఆయన షాపులో ఎక్స్‌ప్లోరర్, ఆవిడ ఇంట్లో నక్క. షాపు కంప్యూటర్‌లో మెనూ ఎడమకి జారింది, ఇంటి కంప్యూటర్‌లో పైనే నిలిచింది. ‘మీరు చెప్పినట్టే పెట్టాను’ అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి గుడికి వెళ్తున్నారు. అన్ని బ్రౌజర్లూ ఒకటే చూపించే లోకంలో ఈ కాపురం నిలబడేదా?

మా వృత్తిరహస్యం ఒకటుంది. ఎవరికీ చెప్పను గానీ మీరు కాబట్టి చెబుతున్నాను. పేజీని సరిచేయడం కష్టం. చూసేవాడి కంప్యూటర్‌ని సరిచేయడం తేలిక.

క్లయింటుకి పేజీ వంకరగా కనిపించిందనుకోండి. పేజీ ముట్టుకోను. ఒక సీడీ జేబులో వేసుకుని ఆయన ఇంటికి వెళ్తాను. వాళ్లావిడ ఇచ్చిన టీ తాగుతాను. పేజీ ఏ బ్రౌజర్‌లో బాగుంటుందో ఆ బ్రౌజర్‌ని ఆయన కంప్యూటర్‌లో వేస్తాను. కొత్త బొమ్మ చూసి కంగారు పడతారని దానికి పాత నీలం ‘ఇ’ బొమ్మే తగిలిస్తాను. ‘ఇప్పుడు చూడండి సార్’ అంటాను. ఆయన చూస్తారు. ‘శెభాష్, ఎంత తొందరగా సరిచేశావయ్యా’ అంటారు. లోకంలో మిగతావాళ్లకి పేజీ వంకరగానే ఉంటుంది, అది వేరే సంగతి. ఓకే అనాల్సింది లోకం కాదు కదా!

ఇది మోసం అంటారేమో. పెద్దమనిషి వస్తున్నాడంటే ఆయన కారు వెళ్లే రోడ్డుకే ముందురోజు తారు పోస్తారా లేదా? ఆయన దిగి, ‘రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నాయే’ అంటాడా లేదా? చిల్కానగర్ గల్లీలో గుంతలో పడి కాలు విరిగినవాడు, ‘ఈ పద్ధతి తప్పు’ అని ఎప్పుడైనా పేపర్లో రాశాడా? దేశమంతా నడుస్తున్న పద్ధతినే నేను రెండో అంతస్తులో నడుపుతున్నాను.

ఇంత చక్కటి సిద్ధాంతాన్ని ఒప్పుకోని మనిషి ఒక్కరున్నారు. మా మానస.

మా కంపెనీలో నేను కాక ఉన్న ఉద్యోగి ఆ అమ్మాయే. ఇల్లు ఉప్పల్. పని బాగానే చేస్తుంది గానీ ఒక చెడ్డ అలవాటుంది. ఏ పేజీ చేసినా అన్ని బ్రౌజర్లలో తెరిచి చూస్తుంది. అంతటితో ఆగదు. ఇంటికి పోతూ పోతూ ఉప్పల్ బస్టాండ్ పక్కన నెట్ సెంటర్లో కూర్చుని, సొంత డబ్బులు పెట్టుకుని మన పేజీ అక్కడెలా ఉందో చూసొస్తుంది! పక్కింటి వాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో గోడకి చెవి పెట్టి వినేవాళ్లకి మనశ్శాంతి ఉంటుందా? ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకదు.

జనార్ధనరావు గారని పెద్దాయన ఉన్నారు. ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో సైంటిస్టుగా రిటైరయ్యారు. వెంట్రుకలో వందో వంతు తేడా వస్తే ఒప్పుకోని మనిషి. నాచారంలో ఒక ట్రైనింగ్ సెంటర్ పెట్టారు. ఇంటర్ పాసైన ఆడపిల్లలకి మందుల కంపెనీల్లో ల్యాబ్ పని ఉచితంగా నేర్పి, ఉద్యోగం కూడా చూపిస్తారు. నిజంగా మంచి పని, అందులో వెటకారం ఏమీ లేదు. దరఖాస్తులు మాత్రం ఇంటర్నెట్‌లోనే పంపాలన్నారు. ‘కాగితాలు, క్యూలు, సిఫార్సులు నాకొద్దండీ. అందరికీ ఒకటే గుమ్మం’ అన్నారు. ఆ గుమ్మం కట్టే పని మాకిచ్చారు.

పేజీ గీసి చూపించాం. పేరు, ఊరు, మార్కులు నింపాక చివర్న కింద కుడిపక్క ‘పంపండి’ అనే బటన్. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఉమామహేశ్వర్ గారూ, ఇది ఆగ్నేయం కదండీ?”

నాకు అర్థం కాలేదు. ఆయన జేబులోంచి దిక్సూచి తీసి మానిటర్ ముందు పెట్టారు. పాత టీవీలాంటి మానిటర్ కదా, దాని అయస్కాంతానికి ముల్లు గిర్రున తిరిగింది. ఆయన కాసేపు ఆలోచించి, పటంలో పైభాగం ఉత్తరమైనప్పుడు పేజీలోనూ పైభాగం ఉత్తరమే అని తేల్చారు. ఆ లెక్కన కింది కుడి మూల ఆగ్నేయం. పై కుడి మూల ఈశాన్యం.

“ఆగ్నేయంలో గుమ్మం పెట్టుకున్న సంస్థ ఏదైనా బాగుపడిందా అండీ? పిల్లలు వచ్చే గుమ్మం ఈశాన్యంలో ఉండాలి.”

సైంటిస్టు చెప్పాక నేనెవర్ని కాదనడానికి? బటన్‌ని ఈశాన్యానికి ఎక్కించాం. అయితే పేజీ పైభాగం అంతా అప్పటికే ఆయన ఫోటో ఉంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, శాలువాతో. ఫోటో తగ్గిస్తారా అని మానస అడిగింది. ఆయన నొచ్చుకున్నారు. కనక బటన్‌ని ఫోటో మీదే, ఆయన కుడి పక్క ఖాళీలో కూర్చోబెట్టాం. నా కంప్యూటర్‌లో నక్క బ్రౌజర్ ఉంది. అందులో ముచ్చటగా ఉంది, ఆయన స్వయంగా పిల్లల్ని లోపలికి పిలుస్తున్నట్టు.

ఆయన ఇంట్లో మొదట అలా కనిపించలేదని ఫోన్ చేశారు. సీడీ జేబులో వేసుకుని వెళ్లాను. టీ తాగాను. కనిపించింది. ఆయన ఓకే అన్నారు. పేపర్లో ప్రకటన వచ్చింది. ఆఖరి రోజు శుక్రవారం సాయంత్రం అయిదు.

సోమవారం పొద్దున మానస బ్యాగ్ దించకుండానే మొదలుపెట్టింది.

“సార్, నిన్న నెట్ సెంటర్ల జూసిన. పంపే బటన్ కనబడ్తలేదు. ఫోటో ముందుకొచ్చి బటన్‌ని మూసేసింది. సారు శాలువా ఎనక ఉన్నది అది.”

“మన దగ్గర కనిపిస్తోందా లేదా?”

“మన దగ్గర కనబడ్తది సార్. మనం అప్లై చేస్తలేం గదా.”

చూశారా ఈ తరం వితండవాదం? బటన్ పైనుందా ఫోటో పైనుందా అనే విషయంలో రెండు బ్రౌజర్లకి అభిప్రాయభేదం ఉంది. పెద్దల ఫోటోకి ముందు స్థానం ఇవ్వడం ఆరో ఎక్స్‌ప్లోరర్ సంస్కారం. అందులో తప్పేముంది? మానస మాత్రం పై బటన్ని అలాగే ఉంచి కింద ఇంకోటి పెడదామంది. పెట్టేసి తన కంప్యూటర్‌లో చూపించింది కూడా. అన్ని బ్రౌజర్లలోనూ కనిపిస్తోంది. ‘ఓకే చెప్పండి సార్, ఎక్కిస్త’ అంది. సైటు పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటుంది. క్లయింటు ఓకే అన్న పేజీని మళ్లీ ముట్టుకోవడం మా కంపెనీ పద్ధతి కాదు. ఆ మాటే చెప్పాను.

మంగళవారం నుంచి ఫోన్లు. సెంటర్ ఇంకా తెరవలేదు కనక సందేహాలకి మా నంబరే ఇచ్చాం. ‘అన్నీ నింపినం, పంపేది యాడుంది సార్?’ అని. ఒక్కరికీ విసుక్కోలేదు. అందరికీ ఒకటే జవాబు, మర్యాదగా చెప్పాను. ‘మా దగ్గర బాగానే కనిపిస్తోందమ్మా.’

ఈ వాక్యం గొప్పతనం మీరెప్పుడైనా గమనించారా? ఇందులో అబద్ధం లేదు. తిట్టు లేదు. కాదనలేదు, అవుననలేదు. అవతలివాళ్లు ఫోన్ పెట్టేసి తమ కంప్యూటర్ని, తమ కళ్లని, చివరికి తమ చదువుని అనుమానించుకుంటారు. కావాలంటే రిఫ్రెష్ కొట్టమనీ, వేరే బ్రౌజర్ వేసుకోమనీ సలహా కూడా ఇస్తాను. నెట్ సెంటర్లో ఏదీ వేసుకోనివ్వరంటారు. అది ఆ నెట్ సెంటర్ వాళ్ల క్రమశిక్షణ. నన్నేం చేయమంటారు? అయినా మా గల్లీలో నాలుగు రోజులు నీళ్లు రాక నేను ఫోన్ చేసినప్పుడు, ‘మా దగ్గర వాల్వు తిప్పినట్టే ఉంది సార్’ అనే చెప్పారు. నేను మళ్లీ చేశానా? బిందె పట్టుకుని బోరింగ్ దగ్గరికి వెళ్లాను. బాధ్యత గల పౌరుడు చేసే పని అది.

శుక్రవారం పొద్దున్నే ఇంకో ఫోన్.

“సార్, నా పేరు సంతోషి. చిల్కానగర్. మూడొద్దుల సంది తిరుగుతున్న సార్. మూడు నెట్ సెంటర్లు అయినయ్. అంత నింపిన. పంపుడు బటన్ యాడ గూడ దొరుకుతలేదు.”

“మా దగ్గర బాగానే కనిపిస్తోందమ్మా.”

సరే సార్ అని పెట్టేస్తుందనుకున్నాను. అందరూ అదే చేశారు.

“మంచిగ కనబడుతుందా సార్ మీ దగ్గర?”

“బ్రహ్మాండంగా.”

“అయితే మీ దగ్గరికే వస్త సార్. యాడుంటది మీ ఆఫీసు?”

ఇన్నేళ్ల సర్వీసులో ఈ వాక్యాన్ని ఇలా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు నాకు తగల్లేదు. మర్యాదకి చెప్పిన మాటని పట్టుకుని బస్సెక్కి వచ్చేయడమేనా? వచ్చేసింది. చెమటలు కక్కుతూ రెండు అంతస్తులూ ఎక్కి, గుమ్మంలో చెప్పులు విప్పి, నా కుర్చీ వైపు చూసింది. మానస లేచి ఆ అమ్మాయికి నీళ్లిచ్చింది. నా కుర్చీ కూడా ఇచ్చింది, నన్నడక్కుండా.

సంతోషి టైపు చేస్తూ తన సంగతంతా చెప్పింది. నాన్న బుచ్చిరాములు ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. అమ్మ రాములమ్మ ఇంట్లో కూర్చుని అగర్బత్తులు ప్యాక్ చేస్తుంది. ఈ అమ్మాయికి ఇంటర్లో కెమిస్ట్రీలో మంచి మార్కులు. ఈ సీటు రాకపోతే సోమవారం నుంచి తను కూడా అగర్బత్తుల ప్యాకింగే. వాళ్లమ్మ అప్పుడే కాంట్రాక్టరుకి మాటిచ్చేసిందట.

“గా వాసనకు నాకు దమ్మొస్తది సార్, ఊపిరాడది. అందుకే తిరుగుతున్న” అంది.

అన్నీ నింపి తలెత్తింది. ఈశాన్యంలో, శాలువా పక్కన, పచ్చరంగులో బటన్. ఆ అమ్మాయి వెంటనే నొక్కలేదు. వేలితో స్క్రీన్ మీద దాన్ని ముట్టుకుని చూసింది.

“గీడ ఉన్నదా ఇది” అని నవ్వింది. తర్వాత నొక్కింది. ‘మీ దరఖాస్తు అందినది’ అని వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నేను ఆ రోజుని నా ఔదార్యం కింద రాసుకునేవాణ్ని. కానీ ఆ అమ్మాయి మెట్లు దిగుతూ ఫోన్ తీసింది. ‘నాచారంల ఒక్క సారు కంప్యూటర్ల కనబడుతున్నది, జల్ది రా’ అనే మాట నా చెవిన పడింది. ఎవరో అరుణ అట, మల్కాజిగిరిలో ఉంటుంది, ఇంటర్లో స్నేహితురాలు. ఆ అరుణ ఇంకెవరికి చెప్పిందో, వాళ్లు ఇంకెవరికి చెప్పారో!

మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుందామని బయటికి వస్తే మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. చిల్కానగర్, మల్లాపూర్, మల్కాజిగిరి, బోడుప్పల్. షేర్ ఆటోల్లో దిగుతున్నారు. చేతిలో మార్కుల మెమోలు, చున్నీలతో విసురుకోవడం. రోడ్డు మీద దాకా లైను. కింద నుంచి దుర్గేష్ వైండింగ్ ఆపేసి పైకొచ్చాడు.

“ఏందన్నా, మ్యాచ్ టికెట్లు గిట్ల మీ దగ్గర ఇస్తున్నరా?”

కాదన్నాను. అతను నమ్మలేదు. వెళ్లి తనూ లైన్లో నిలబడ్డాడు, తర్వాత ఎవరో చెబితే తిట్టుకుంటూ బయటికి వచ్చాడు.

ఆలోచించండి. హైదరాబాద్ మహానగరంలో ఇన్ని లక్షల కంప్యూటర్లుంటే, ఆ గుమ్మం కనిపించే కంప్యూటర్ నాదే అని జనం తీర్మానించారు! ఏ అమెరికా కంపెనీకి దక్కింది ఈ గౌరవం? కాకపోతే నాకు కూర్చోవడానికి కుర్చీ లేదు. కిటికీ పక్కన నిలబడి ఫోన్లు ఎత్తుతున్నాను. ‘మా దగ్గర బాగానే కనిపిస్తోంది’ అంటే, ‘తెలుసు సార్, మీ కింద్నే ఉన్నం’ అంటున్నారు.

మానస తన కంప్యూటర్‌లో కూడా నక్కని తెరిచి ఇంకొకరిని కూర్చోబెట్టింది. కానీ మేం నింపించేది ఇద్దరిని, మెట్లెక్కేది పదిమంది. టైపింగ్ అలవాటు లేని పిల్లలు ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నారు. మూడు దాటింది. నేను మానస దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాను.

“మానసా, ఆ కింద బటన్ పెట్టిన పేజీ ఉంది కదా, అది ఎంతసేపట్లో తయారవుతుంది?”

“నా దగ్గర సోమారం సంది బానే కనబడుతుంది సార్” అంది, తలెత్తకుండా.

నా వాక్యం నాకే! సరే, చిన్నపిల్ల. జనార్ధనరావు గారికి ఫోన్ చేశాను. ఆయన ఓకే అంటే ఒక్క నిమిషం పని. అప్పుడు ఎక్కడి పిల్లలు అక్కడే, ఏ నెట్ సెంటర్లో ఉన్నవాళ్లు ఆ నెట్ సెంటర్లోనే పంపుకోవచ్చు. సంగతి చెప్పి, కింద కూడా ఒక బటన్ పెడతామన్నాను.

“రెండో గుమ్మమా? అదీ ఆగ్నేయంలోనా?” ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. “ఏమండీ, తెలిసి తెలిసి ఆ పిల్లల్ని అగ్గి మూల నుంచి రమ్మంటారా? వాళ్ల భవిష్యత్తు ఏమవ్వాలి?”

పిల్లల భవిష్యత్తు గురించి ఆయనకున్న తపన చూసి, అలాగేనండీ అని ఫోన్ పెట్టేశాను. పాస్‌వర్డ్ నా జేబులోనే ఉంది. మానస నా వైపు చూస్తూనే ఉంది. క్లయింటు వద్దన్నాక నేను ఎలా పెడతాను చెప్పండి? వృత్తిధర్మం అనేది ఒకటుంటుంది కదా.

అయిదింటికి పేజీ దానంతటదే మూసుకునేలా నేనే పెట్టాను. అప్పటికి నా కుర్చీలో సంతోషి స్నేహితురాలు అరుణకుమారి ఉంది. స్నేహితురాలికి తోడుగా సంతోషి కూడా మళ్లీ పైకి వచ్చి పక్కనే నిలబడి చదివి వినిపిస్తోంది. పొద్దున సంతోషి ఫోన్ చేసినప్పుడు అరుణ కుట్టుమిషన్ షాపులో పనిలో ఉందట. మధ్యాహ్నం దాటినా సెలవివ్వకపోతే ఆ పనే వదిలేసిందట. ఉరుక్కుంటూ వచ్చి లైనులో నిలబడింది. పేరు నింపింది, ఊరు నింపింది, మార్కులు నింపింది. ఈశాన్యంలో బటన్ కనిపిస్తోంది. నొక్కింది.

‘గడువు ముగిసినది.’

ఇంకోసారి నొక్కింది. మళ్లీ అదే. మెట్ల మీద వాళ్లకి కూడా తెలిసిపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. దిగి వెళ్లిపోయారు. ఆ గడువు ఏర్పాటు మాత్రం నక్కలోనూ, ఎక్స్‌ప్లోరర్‌లోనూ, ఉప్పల్లోనూ, నాచారంలోనూ ఒక్క క్షణం తేడా లేకుండా ఒకేలా పనిచేసింది. మా పనితనాన్ని శంకించేవాళ్లు ఇది గమనించాలి.

అరుణకుమారి లేచి, నా కుర్చీ మళ్లీ టేబుల్ కిందికి సర్ది వెళ్లింది. నాకెందుకో చాలాసేపు అందులో కూర్చోబుద్ధి కాలేదు. ఎండాకాలం కదా, కుర్చీ వేడిగా ఉంటుంది.

పోయిన వారం ట్రైనింగ్ సెంటర్ ప్రారంభోత్సవం అయింది. నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. గోడంత ఎత్తున జనార్ధనరావు గారి ఫోటో, అదే శాలువా. ఎదురుగా కొత్త కుర్చీలు, కొత్త ల్యాబ్ టేబుళ్లు. సగానికి పైగా కుర్చీలు ఖాళీ. ముందు వరసలో తెల్లకోటు వేసుకుని సంతోషి.

ఆయన మైకు ముందుకి వచ్చి ఆ ఖాళీ కుర్చీలకేసి చూస్తూ నిలబడ్డారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నటన కాదు, పక్కనే ఉన్నాను.

“ఉచితంగా నేర్పుతాను, ఉద్యోగం చూపిస్తాను అన్నానండీ. ఎవరి సిఫార్సూ అక్కర్లేదన్నాను. అందరికీ ఒకటే గుమ్మం పెట్టాను. అయినా పిల్లలు రాలేదు. ఈ తరానికి శ్రద్ధ లేదు. అడిగే ఓపిక కూడా లేదు. ఇంక మనమేం చేయగలం?”

పెద్దలందరూ తలలూపారు. నేనూ ఊపాను. సంతోషి లేచి నిలబడింది.

“వచ్చిన్రు సార్” అంది. “మస్తు మంది వచ్చిన్రు. మా కాడి కంప్యూటర్లల్ల మీ ఫోటో కనబడ్డది గని బటన్ కనబడలే. గీ సారు ఆఫీసు మెట్ల మీద పొద్దంత నిలవడ్డరు. మా అరుణ అయిదు గొట్టంగ కుర్చీల ఉండె. ఇయ్యాల అగర్బత్తులకు పోయింది సార్, నా జాగల.”

జనార్ధనరావు గారు నా వైపు తిరిగారు. ఎంత నిష్కపటమైన మనిషో ఆ ముఖంలోనే తెలుస్తోంది. ఆ అమ్మాయి మాట ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

“అదేమిటండీ?” అన్నారు. “మా ఇంట్లో బాగానే కనిపించిందే!”

నిజమే. ఆయన ఇంట్లో బాగానే కనిపించింది. వెళ్లి సరిచేసి వచ్చింది నేనే కదా.